ఉమ్మెత్త పువ్వుకు ఎర్ర దారం

ఆత్మకూరు, సోమవారం

చిట్టితల్లి మధులతకు తాత దీవెనలు. నాకు ఒంట్లో బాగుంది.

ల్యాబులో పిల్లల ప్రాక్టికల్స్‌కు పూలను కాడలు తుంచి దేవుడికి కోసినట్టు తెస్తున్నానని, ఇక పూలు బయట కొంటామని మా కాలేజీ బోటనీ మేడం అంటే నాకు అన్నం సహించలేదు. మొన్న నువ్వు పువ్వు పటం గీసి, దాని పైనుండే చుక్క, మొక్క కాండం ఏ పక్కనుందో చెప్పే గుర్తన్నావు. అందుకని ఈ రోజు ఉమ్మెత్త పూలను కాడలతో కోసి, కాండం పక్కన ఎర్ర దారం కట్టి మేడంకు ఇచ్చాను.

"ఈ దారం ఏంది పెద్దాయనా?"

"చుక్క పెట్టాల్సింది ఆ పక్కనమ్మా. మా ఉదయగిరి మనవరాలు చెప్పినాది."

"అయితే ఇంక పూలు నువ్వే తేవాల."

అంతా నీ చలవే. అవ్వ కంటికి మందు వేస్తున్నావా? పువ్వు ఫార్ములాలో అయిదు అంకెకు బ్రాకెట్టు ఎందుకో ఆదివారం వచ్చినప్పుడు చెప్పు. మేడంను అడగాలంటే నాకు సిగ్గు.

మాలకొండయ్య