మా వీధి గొట్టంలోని సీసం గురించి

నీటి సరఫరా శాఖ ఇంజనీరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా వీధిలోని పాత సీసపు గొట్టమును తక్షణం మార్పించుట గురించి, మూడవ పర్యాయం.

1. నేనొక పరిశోధనశాలలో పనిచేయుచున్నాను. బిస్మత్ అనే లోహాన్ని కంటికి ఆనని రేణువులుగా చేసి, అగ్గిపుల్లంత కర్బనపు కడ్డీకి పూత పూసి, నీటిలో ముంచి కరెంటు పంపుతాను. నీటిలో సీసం ఉంటే ఆ పూతను పట్టుకొంటుంది, కంప్యూటరు తెర మీద గీత గుట్టలా లేస్తుంది. లేకుంటే గీత చాపలా పడుకొంటుంది. నా బతుకుతెరువు ఇంతే.

2. పోల్చి చూచుటకు మంచినీరు కావలసి మా ఇంటి కుళాయి నీరు పట్టుకెళ్ళాను. గీత లేచింది. పూత చెడిందనుకొని కొత్తది పూశాను. మళ్ళీ లేచింది. మా ప్రొఫెసరు గారు "సీసా సరిగ్గా కడిగుండవు. మళ్ళీ చెయ్" అన్నారు. చేతులు పగిలేలా కడిగాను. సొంత పరికరం తప్పని తేలాలని మొక్కుకొన్న పరిశోధకుణ్ణి తమరెన్నడైనా చూశారా? ఆఖరికి పక్క వీధి నీరు పెట్టాను. గీత కదలలేదు.

3. ఇంట్లో చెప్పగా, మా ఆవిడ చంటిదానికి పాలపొడి కలుపుతున్నదల్లా ఆగిపోయి, "లోకంలో నీళ్ళన్నీ చూశారు. మన కుళాయి ఇప్పుడు గుర్తొచ్చిందా?" అన్నది. నాటి నుండి పక్క వీధిలోని బావమరిది ఇంటి నుంచి బిందెలు మోయుచున్నాను. పాప రక్తంలోనూ సీసం ఉన్నదని డాక్టరు గారు చెప్పారు. ఇప్పుడు ఆపితే మెల్లగా తగ్గుతుందట. 'ఇప్పుడు' అన్న మాటను ఆయన నొక్కి పలికారు.

4. నా మొదటి అర్జీకి "నీటిని కాచి త్రాగవలెను" అని తమ కార్యాలయం జవాబిచ్చింది. అయ్యా, కాచితే క్రిములు చస్తాయి. సీసం చావదు, నీరు ఇంకేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. రెండవ అర్జీకి, నా పరికరానికి గుర్తింపు లేదన్నారు. గుర్తింపు ఉన్నవారి దగ్గరికి వెళితే యంత్రం మరమ్మతులో ఉందన్నారు. పోనీ, నా మాట నమ్మవద్దు. గొట్టం తవ్వించి తాళంచెవితో గీకండి. సీసమైతే వెండిలా మెరుస్తుంది.

5. అలసిపోయాను.

కావున పై విషయములు విచారించి, గొట్టం మార్పించి, మా వీధి పిల్లలను కాపాడగలరని కోరుచు, ఈ అలసినవాడి మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
చివరి వీధి పరిశోధకుడు

తా.క.: నిన్న మీ ఆఫీసు వరండా కుళాయి నీళ్ళు కూడా పట్టుకెళ్ళి చూశాను. మా ఇంటికన్నా ఎత్తు లేచింది గీత. ఇవాళ ఈ అర్జీ తీసుకొన్న మీ గుమాస్తా గారు నిండు నెలలతో ఉన్నారు. "అమ్మా, ఆ నీళ్ళు తాగకండి, మంచినీళ్ళు వేరేచోట నుంచి తెచ్చుకోండి" అన్నాను. ఆవిడ చేతిలో గ్లాసు కింద పెట్టేసి, "అయ్యో, మరి సారో? పొద్దస్తమానం అవే తాగుతారు. ఆయనకెవరు చెప్తారండీ?" అని కాగితం నాకు తిరిగిచ్చి, తన కలం కూడా ఇచ్చింది.

సారూ, మీరూ తాగకండి.