పడమటి కొక్కెం

మామయ్యకు మేనకోడలి నమస్కారాలు.

నేను బాగున్నాను. ఈ ఉత్తరం అందేసరికి నువ్వు నేల మీదే ఉన్నావని తలుస్తాను.

అసలు సంగతి చెప్తాను, కంగారుపడకు. నేనొక డిటెక్టివ్ నవల రాస్తున్నాను. వకీలుగారి ఆఫీసులో పొద్దస్తమానం గోడ తగాదాలూ మెట్ల తగాదాలూ టైపు కొట్టీ కొట్టీ నా వేళ్లకే విసుగొచ్చింది. అందుకని కథ సర్కసులో పెట్టాను. నెలనెలా డిటెక్టివ్ పుస్తకాలు వేసే ఒకాయన మొదటి పేజీలు చూసి, "బాగుందమ్మా, కానీ ఇరవయ్యో పేజీలోపు శవం పడాలి" అన్నారు.

నేనిప్పుడు పద్దెనిమిదో పేజీలో ఉన్నాను. ఊయల మీద ఎగిరే అమ్మాయి పైనుంచి పడి చచ్చిపోవాలి. జనానికి అది ప్రమాదంలా కనిపించాలి, డిటెక్టివ్‌కు మాత్రం హత్యని తెలియాలి. నలభై ఏళ్లుగా సర్కసులో తాళ్లు కట్టేవాడివి, ఈ విషయం నిన్ను కాక ఎవర్ని అడగను? ఏ తాడు కోస్తే బాగుంటుందో చెప్పు.

నీ మేనకోడలు

తా.క. అమ్మతో అనకు. కాగితాలు ముందేసుకుని కూర్చుంటే ప్రేమలేఖలు రాస్తున్నాననుకుంటోంది. పైకి తిడుతోంది గానీ లోపల తెగ మురిసిపోతోంది.

*

కోడలు పిల్లకు మామయ్య ఆశీస్సులు. ఇక్కడ గుడారం క్షేమం, జంతువులు క్షేమం, మేనేజరుగారి అరుపులూ క్షేమం.

నీ ఉత్తరం భోజనాల దగ్గర మా ఊయల పిల్లకిచ్చి చదవమన్నాను. చంపబోయేది తననేనని తెలియక గట్టిగా చదివింది పాపం. అందరూ తినడం ఆపి విన్నారు. నువ్వు రాసే తీరు అలాంటిది. ఇంత రాయగలిగిన మనిషి మా ఇంట్లో పుట్టిందని నా ఛాతీ రెండింతలైంది.

కానీ నీ హత్య కుదరదు.

తాడు కోస్తే పక్కన రెండో తాడుంది. రెండూ కోస్తే కింద వలుంది. వల కోద్దామంటే, ఆటకు ముందు నేను దాని మీద బోర్లా పడుకుని ఒక్కొక్క ముడినీ వేళ్లతో తడుముతాను. రోజూ పొద్దున్నే స్తంభాలెక్కి పైనున్న కొక్కేలన్నీ తడుముతాను. నలభై ఏళ్లలో నా తాళ్ల మీంచి ఒక్క ప్రాణీ పడలేదు. ఇప్పుడు సొంత మేనకోడలు పడేస్తానంటే చూస్తూ ఊరుకోవాలా? నీ నవల్లో తాళ్లు కట్టేవాడెవడో వాణ్ణి ముందు పనిలోంచి తీసెయ్.

ఇట్లు, పనిలో ఉన్న మామయ్య

తా.క. పడక తప్పదంటే ఇంటర్వెల్ తర్వాత పడొచ్చా అని ఊయల పిల్ల అడగమంది. ముందే పడితే తన మూడు పల్టీలు ఎవరూ చూడరట.

మరో తా.క. ఇది మీ మామయ్య చెప్పింది కాదు, ఉత్తరం రాసిపెడుతున్న జోకరునండీ. మోకులు లాగీ లాగీ ఆయన వేళ్లలో కలం నిలవదు. నవల్లో జోకరున్నాడాండీ?

*

మామయ్యకూ, చుట్టూ కూర్చుని వింటున్న అందరికీ నమస్కారాలు.

నువ్వు వల మీద పడుకుని ముడులు తడమడం చదివి చాలాసేపు టైపు మిషను ముట్టుకోలేకపోయాను. ఒకరు పైన నవ్వుతూ ఎగరాలంటే కింద ఇంకొకరి వేళ్లు ఇంత పని చేయాలని నాకు తెలియదు. మామయ్యా, నీకు పెద్ద దండం.

అయినా నాకు శవం కావాలి. పుస్తకాలాయన ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. సింహం ఏమన్నా సాయం చేస్తుందా? పోనీ, కత్తులు విసిరే ఆయన చెయ్యి ఒక్క అంగుళం పక్కకి పోకూడదా? చెక్క ముందు నిలబడేది ఆయన భార్యేనని పోయిన పండక్కి వచ్చినప్పుడు అన్నావుగా, కారణం వెతుక్కునే పని కూడా ఉండదు.

జోకరుగారూ, మీరున్నారు. తొమ్మిదో పేజీలో జారిపడతారు.

నీ మేనకోడలు

తా.క. నిన్న ఒక నోటీసులో "ప్రతివాది" అని కొట్టాల్సిన చోటల్లా "సింహం" అని కొట్టాను. వకీలుగారు చదవకుండా సంతకం పెట్టేశారు. సింహం పదిహేను రోజుల్లో గోడ తొలగించాలి.

*

కోడలు పిల్లకు ఆశీస్సులు. ఈసారి క్షేమం కొంచెం తక్కువే.

సింహం సంగతి మర్చిపో. దాని పళ్లు సగం ఊడాయి. డప్పు మోగితే శిక్షకుడి వెనక దాక్కుంటుంది. ఇక కత్తులాయన. నీ ఉత్తరం విన్న దగ్గర్నుంచీ ఆయన భార్య చెక్క ముందు నిలబడే ముందు, "ఏమండీ, ఇవాళ మనసు బాగుందా?" అని అడుగుతోంది. ఆయనకు ఉక్రోషం పొడుచుకొచ్చింది. "ఇరవై రెండేళ్లలో నీకు గీత పడనిచ్చానా?" అని నిన్న కత్తుల పెట్టె మీదే కూర్చుండిపోయాడు.

జోకరు బాధ ఇంకోటి. "ముఖానికింత రంగు పూసుకుని తిరుగుతున్నాను, నా మీద ఒక్కరికీ అనుమానం రాదా?" అంటున్నాడు.

మన ఊయల పిల్లకు మెట్టు మీద కాలు మడతపడి మడమ బెణికింది. కట్టు కట్టారు. శనివారం సాయంత్రం ఆటకు మళ్లీ ఎక్కుతుంది. ఈలోగా నువ్వు ఏ ఉంగరమో పోయిందని రాసుకో. మనుషుల జోలికి రాకు.

మామయ్య

తా.క. తొమ్మిదో పేజీలో జారిపడ్డాక మళ్లీ లేస్తానాండీ? — జోకరు

*

(టైపు చేసిన పోస్టుకార్డు)

శనివారం సాయంత్రం ఆట. పడమటి స్తంభం మీద కొక్కేన్ని లోపలి వైపు అరగదీశాను. కింద నుంచి చూస్తే కనపడదు. ఈసారి ఊయల పిల్ల పడటం ఖాయం. ఇక ఎవరూ ఆపలేరు.

*

కోడలు పిల్లా,

క్షేమమని రాయించడానికి నోరు రావడం లేదు. శనివారం మధ్యాహ్నం టపాలో వచ్చిన సంతకం లేని కార్డొకటి సరిగ్గా ఆట వేళకు నా చేతికందింది. ఊయల పిల్లను చంపుతామని బెదిరింపు! నీ దస్తూరీ కాదు, టైపు చేసుంది. ఎవడో మన ఉత్తరాలు విని పథకం వేశాడు.

జనం కుర్చీల్లో ఉండగానే ఆట ఆపించాను. పడమటి స్తంభం నేనే ఎక్కి కొక్కెం తడిమాను. నిక్షేపంలా ఉంది. అయినా ఆట మళ్లీ మొదలుపెట్టడానికి మేనేజరుగారు ఒప్పుకోలేదు. జోకరు డిటెక్టివ్‌నంటూ బయల్దేరి ఇనుప రజను కోసం అందరి చేతులూ చూశాడు. తెల్లపొడి దొరికింది, అదీ వాడి చేతులకే. కత్తులాయన్ని రెండుసార్లు చూశాడని ఆయన, "నన్నే అనుమానిస్తారా, నేనూ నా భార్యా పోతున్నాం" అని పెట్టె కట్టేశాడు. ఇరవై రెండేళ్ల మనిషి వెళ్లిపోతే ఈ సర్కసు ఏమవుతుంది?

నీ కథ ఇంకెవరికైనా చెప్పావా? వెంటనే రాయి.

మామయ్య

తా.క. తెల్లపొడి దొరికినా నన్నెవరూ అనుమానించలేదండీ. — జోకరు

*

మామయ్యకు సిగ్గుతో తలవంచుకుని నమస్కారాలు.

ఆ కార్డు నేనే కొట్టాను. ఆఫీసులో, వకీలుగారు కోర్టు నుంచి వచ్చేలోపు, సంబరం పట్టలేక. "చూడు మామయ్యా, ఎలా చంపాలో నాకే తోచింది" అని చెప్పడమే నా ఉద్దేశం. ఆ తొందరలో నమస్కారం, సంతకం, కథ అన్న మాట, మూడూ మరిచాను.

కత్తులాయనగారూ, దయచేసి పెట్టె విప్పండి. మీ కాళ్లు పట్టుకుంటాను. ఊయల పిల్లా, నన్ను క్షమించు. ఆడుతూ పాడుతూ చంపుదామనుకున్నాను గానీ నువ్వు నిజంగా ఏడ్చి ఉంటావని తలుచుకుంటే నాకన్నం దిగడం లేదు. నవల చించేస్తున్నాను.

తలెత్తుకోలేని మేనకోడలు

తా.క. చించలేదు. రెండుసార్లు మడతపెట్టాను, అంతే.

*

కోడలు పిల్లకు మామయ్య ఆశీస్సులు. ఎప్పటికంటే ఎక్కువే పంపిస్తున్నాను, దాచుకో.

జోకరు రాస్తే తన సంగతులే ఇరికిస్తాడని ఈ ఉత్తరం ఊయల పిల్ల చేత రాయిస్తున్నాను.

నువ్వు రాసింది చదివితే గుడారమంతా పడీపడీ నవ్వింది. కత్తులాయన పెట్టె విప్పాడు. ఆయన భార్య ఏమీ అడగకుండా వెళ్లి చెక్క ముందు నిలబడింది. నేను మాత్రం నవ్వలేదు. శనివారం జరిగిందంతా నీకు రాయలేదు మరి.

ఆ రోజు నేను దిగి, "అంతా బాగానే ఉంది" అన్నాక ఈ పిల్ల దగ్గరికొచ్చి, "పెద్దాయనా, నేనూ ఒకసారి చూసొస్తా" అంది. కాలి కట్టుతోనే ఎక్కింది. పడమరే కాదు, తూర్పు స్తంభం కూడా ఎక్కింది. అక్కడి కొక్కెం ఊడదీసి తెచ్చి నా అరచేతిలో పెట్టింది. లోపలి వైపు అరిగినచోట కొత్తగా వెంట్రుకంత పగులు తీసి ఉంది. ఎవరూ అరగదీయలేదమ్మా, వాడకంలో అరిగింది. పొద్దున్నే దాన్ని తడిమి "బాగుంది" అని దిగినవాణ్ణి నేనే. నీకు చిన్నప్పటి నుంచీ దిక్కులు తెలియవు గానీ, ఆ కార్డే రాకపోతే ఏమయ్యేదో నేను తలుచుకోలేను.

"నీకెలా తోచింది?" అని అడిగాను.

"రెండేళ్లుగా నువ్వు దిగాక రోజూ నేనెక్కుతున్నా. నీ కళ్లు మసకబారాయిగా. కాలు బెణికిన ఈ నాలుగు రోజులే ఎక్కలేదు."

"మరి చెప్పలేదేం?"

"అన్నీ చూసి దిగేటప్పుడు నీ ముఖం ఎంత బాగుంటుందో నీకు తెలీదు. చెప్పబుద్ధి కాలేదు."

వల మీద కూర్చుని ఏడ్చాను. ఎవరూ నవ్వలేదు, జోకరు కూడా.

కాబట్టి నలభై ఏళ్లని నేను చెప్పుకున్నది కొట్టెయ్. ముప్పై ఎనిమిదేళ్లు నేను, తర్వాత రెండేళ్లు ఈ పిల్ల. ఇది రాయనని మొండికేస్తే గదమాయించి రాయిస్తున్నాను.

నవల మడత విప్పు. శవం లేకపోతే ఏం? పడాల్సిన మనిషి రోజూ ఎందుకు పడటం లేదో నీ డిటెక్టివ్‌ను కనిపెట్టమను. పక్కనే ఉండి రెండేళ్లు నేను కనిపెట్టలేకపోయాను. చాలా కష్టమైన కేసమ్మా అది.

ఎప్పటికీ నీ మామయ్య

తా.క. మీ పుస్తకాలాయన శవం ఉండి తీరాలంటే తను సిద్ధమని జోకరు చెప్పమన్నాడు. ఇరవయ్యో పేజీ నుంచి చివరిదాకా కదలకుండా పడుకుంటాడట.

మరో తా.క. నాకు కళ్లజోడు కొనిపెట్టారు. ఇవాళ అది పెట్టుకుని స్తంభమెక్కాను. కొక్కేలన్నీ అద్దంలా కనిపించాయి. ఆ సంతోషంలో కిందికి చూశాను. రెండేళ్లుగా నేల కనిపించక అది ఎంత దూరమో మర్చేపోయాను! స్తంభాన్ని కావలించుకుని ఉండిపోతే ఈ పిల్ల పైకొచ్చి, మాటల్లో పెట్టి, చెయ్యి పట్టుకుని ఒక్కొక్క మెట్టే దింపింది.