ఖర్జూరం డబ్బాలో కొత్త లాకులు

8 ఫిబ్రవరి 2025, శనివారం

ఇంజిన్ గాలిలో ఆగిపోయింది. మా అర్బాబ్, అంటే యజమాని, సరదాకి కొనుక్కున్న రెండు సీట్ల చిన్న విమానం. కెప్టెన్ దాన్ని ఎలాగో అల్ షహానియాలో ఒంటెల ఫారాల వెనక ఇసుకలో దించాడు. చెయ్యి విరిగింది. బతికాడు, అదే చాలు.

టూ స్ట్రోక్ ఇంజిన్‌కి పెట్రోల్లో కలిపిన ఆయిలే ప్రాణం. యాభైకి ఒక పాలు. కలిపేది నర్సింలన్న. ఆ ఒక్క పని కూడా చేతకాలేదా మనిషికి? సైట్లో ఎండకు మాడిపోతున్నాడు, మా కోరుట్ల వాడు అని మేనేజర్ రఫీక్‌ని బతిమాలి ఈ షెడ్డులో పెట్టించింది నేనే. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి.

9 ఫిబ్రవరి

కొలిచే పోసిన తమ్మీ, కొండగట్టు అంజన్న మీద ఒట్టు అన్నాడు నర్సింలన్న. ఫోన్ చూసుకుంటూ పోసుంటావ్ అని అందరి ముందూ అరిచాను. తల వంచుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారానికి ఆయనకు టికెట్ తీశారు. ఇంటికి పంపేస్తారు. నేను ఇంజిన్ విప్పి, ఆయిల్ లేక పట్టేసిందని రిపోర్టు రాయాలి. రాస్తాను. ఎందుకు రాయను?

10 ఫిబ్రవరి

ఆయన భార్య రాములవ్వ ఫోన్ చేసింది. దుబాయ్ల నువ్వే కదా తమ్మీ మాకు దిక్కు, జర చూడు అంది. గల్ఫ్‌లో ఏ దేశమైనా మా ఊళ్ళో దుబాయే. కట్ చేశాను.

11 ఫిబ్రవరి, ఉదయం 10

ఇంజిన్ స్టాండ్ మీదకు ఎక్కించాను. నర్సింలన్నను ముట్టుకోనివ్వలేదు. విప్పిన ప్రతి బోల్టూ విప్పిన వరసలోనే ట్రేలో పెడుతున్నాను. ముందు ప్లగ్గులు. తెల్లగా కాలిపోయి ఉంటాయనుకున్నాను. కాఫీ రంగులో ఉన్నాయి. మంచి రంగు. ఒళ్ళు మండింది. ప్లగ్గులు కూడా ఆయన పక్షమేనా?

మధ్యాహ్నం 3

హెడ్ తీశాను. సిలిండర్ పైకి లాగాను. కింద బేరింగులో వేలు పెడితే ఆయిల్ అంటింది. కావలసినంత ఉంది.

ఆయిల్ లేకపోతే సిలిండర్ గోడ అన్ని పక్కలా గీరుకుపోతుంది. దీనికి ఒక్కటే గీత. పై నుంచి కిందికి, గోరు దిగేంత లోతు. సరిగ్గా పిస్టన్ పిన్ చివరకు ఎదురుగా.

పిన్ పక్కకు జారకుండా రెండు చివర్లా తీగ రింగులు ఉంటాయి. లాకులంటాం. ఒక చివర లాక్ లేదు. సైలెన్సర్ తిరగేసి దులిపాను. గుడ్డ మీద తీగ ముక్క పడింది.

12 ఫిబ్రవరి, ఉదయం 5

జనవరిలో ఆ పిస్టన్ తీసి, దాని చుట్టూ ఉండే రింగులు మార్చింది నేనే.

తీసిన లాక్ మళ్ళీ వేయకూడదని మాన్యువల్లో పెద్ద అక్షరాలతో ఉంది. కానీ కోరుట్లలో మా ఉస్తాద్ షాపులో స్కూటర్ లాక్‌ని వేళ్ళ మధ్య నొక్కి చూసేవాళ్ళం. స్ప్రింగ్ ఉందా, అదే మళ్ళీ వేయడం. కొత్తది దాచడం. పదేళ్ళు అలాగే చేశాను. ఒక్కటీ ఊడలేదు. ఊడినా స్కూటర్ రోడ్డు పక్కన ఆగుతుంది. కెప్టెన్ ఆగిన చోట రోడ్డు లేదు. ఇది నాకు తెలియదా? తెలుసు. అయినా నొక్కి చూశాను, బాగానే ఉందనుకున్నాను, బిగించాను. వెధవని.

కొత్త లాకులు నా మంచం కింద ఖర్జూరం డబ్బాలో ఉన్నాయి. ఊరికి పోయినప్పుడు ఉస్తాద్‌కి ఇద్దామని. స్కూటర్లకు అవి సరిపోవని కూడా నాకు తెలుసు!

సాయంత్రం 4

రఫీక్ వచ్చాడు. ఆయిల్ మాఫీ, అసలు లేదు అని రాసెయ్, యల్లా, తొందరగా అన్నాడు. గీత చూపించాను. అది ఎవరు చూస్తారు, నీ మీదకు రాలేదు కదా అన్నాడు. పానా విసిరికొట్టాలన్నంత కోపం వచ్చింది. నిన్న అరగంట సేపు నేనూ ఇదే మాట అనుకున్నాను. అందుకే అంత కోపం.

రిపోర్టు రాశాను. పాత లాక్ వేసింది నేనేనని రాసి సంతకం పెట్టాను. ఫోటోలు కూడా జత చేసి అర్బాబ్‌కే పంపాను. రఫీక్ నన్ను గాడిద అన్నాడు.

13 ఫిబ్రవరి

నర్సింలన్న బ్యాగు సర్దుకుని కూర్చున్నాడు. ఆయిల్ కొలిచే జగ్గు కడిగి బోర్లించి ఉంది. చెప్పాను. అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. నాలుగు దినాలాయె తమ్మీ, ఇంటోళ్ళ ఫోన్ ఎత్తుతలేను, నేనే తప్పు జేసిన్నేమో అనిపించింది అన్నాడు. అంతే.

ఆయన టికెట్ రద్దు చేశారు. నాకు తీశారు. ఖర్జూరం డబ్బా ట్రేలో, పిస్టన్ పక్కన పెట్టి వచ్చాను.

14 ఫిబ్రవరి, విమానంలో

కిటికీ సీటు. రెక్క కింద ఇంజిన్ కనిపిస్తోంది. దీన్ని బిగించినవాడు ఎవడో.

కొత్తవే వేసి ఉంటాడా?