రక్తపు కదురు చదివిన గురువారాలు

జూలై 3, గురువారం

అక్షరాలు వంకరగా వస్తాయి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో సగం తెలియదు. ఏడో తరగతితో ఆగిపోయిన చేయి, ఏమీ అనుకోకు. నువ్వు కాగితానివి, నవ్వవు. అందుకే నీకు.

నవ్వాల్సింది వేరే ఉంది. ఫోన్‌లో వారం వారం వచ్చే దెయ్యం బొమ్మల కథ, పేరు 'రక్తపు కదురు'. మా ఆయనే పెట్టాడు నా ఫోన్‌లో. శ్రీకాకుళంలో ఆయన పనిచేసే బట్టల కొట్టులో అందరూ చదువుతున్నారట. ఇవాళ ఆరో భాగం. నేతగాళ్ల ఊరు, అందులో ఒక ముసలి దెయ్యం. రాట్నం ముందు కూర్చుని జుట్టుతో నూలు తీస్తుంది, ఆ నూలు మగాళ్ల మెడలకు చుడుతుంది.

చక్రం తిప్పే చేతిలోంచే దారం వస్తోంది! ఎడమచేయి గాలిలో గోళ్లు చూపిస్తోంది. ఆరు భాగాలుగా ఆ చేతికి పనే లేదు. మా పొందూరులో ఏ ముసలమ్మని అడిగినా చెబుతుంది, ఎడమచేత్తో ఏకు పట్టుకోకపోతే దారం ఎక్కడి నుంచి వస్తుందని. ఈ దెయ్యం జన్మలో ఒక్క చిలప, ఒక్క నూలు చుట్ట కూడా తీయలేదు. మెడలకు చుట్టడం ఒకటి మళ్లీ.

జూలై 4

అది చదివి మా ఆయన పెరట్లోకి తోడు రమ్మన్నాడు. పొద్దున ఆరు. అప్పటికే వెలుతురే.

జూలై 6, ఆదివారం

కథ కింద జనం రాసుకుంటారు. వణికిపోయాం, అన్నం దిగలేదు, అన్నా నువ్వు దేవుడివి... కంచె మీద తొండ కనబడ్డా వణికేలా ఉన్నారు.

ఇవాళ నేనూ రాశాను. మొదటిసారి. పేరు అడిగింది — 'ఏకు' అని పెట్టాను. వడకడానికి చుట్టి పెట్టుకున్న దూది. ఈ ఇంటికి వచ్చి మూడేళ్లు, నేను మాట్లాడనని అత్త రోజూ అనే మాటే: "నోట్ల ఏకు ఎట్టుకున్నావేటే?"

రాట్నం అలా తిప్పరు అని రాశాను. అంతే. ఫోన్ బోర్లించి పెట్టేశాను.

జూలై 8, మంగళవారం

జవాబు! కథ రాసేవాడూ బొమ్మలు గీసేవాడూ ఒక్కడే. చీకటిరాజు అని పేరు పెట్టుకున్నాడు. కన్నతల్లి పెట్టిన పేరుకు ఏం రోగమో. 'ఏకు గారూ, నేను రాట్నం ఎప్పుడూ చూడలేదు. మీకు తెలిసింది చెప్పండి' అని.

గారు. నన్ను. పెళ్లిలో పంతులు కూడా అనలేదు.

చెప్పాను. దెయ్యం చేతిలో కత్తి ఎందుకు, వాలుగ చేప దవడ పెట్టు అన్నాను. పత్తి దువ్వడానికి ఇక్కడ అందరి ఇళ్లలోనూ ఉండేదే. సన్నటి పళ్లు, లెక్కలేనన్ని. పెళ్లయిన కొత్తలో నా చేతిలో దవడ పెట్టి అత్త వేళ్ల మీద ఒక్కటి వేసింది. "గీకడం కాదే, పసిపిల్ల తల దువ్వినట్టు దువ్వాల." ఆ మాట కూడా రాసి పంపాను.

జూలై 10, గురువారం

ఏడో భాగం. దవడ వచ్చింది. అత్త మాట కూడా వచ్చింది, దెయ్యం నోట.

పళ్లు మొసలి పళ్లంత గీశాడు. చేపల బజారుకి వెళ్లి ఒక్కసారి చూస్తే వీడి సొమ్మేం పోయింది? పైగా దవడతో ఒక పోలీసాయన మొహం గీకించాడు. పత్తి దువ్వే దవడతో గడ్డం కూడా గీకలేరు.

మూడుసార్లు చూశాను. తిట్టుకుంటూనే.

జూలై 11, శుక్రవారం

పొద్దున అన్నం దగ్గర మా ఆయన — "అమ్మా, ఫోన్ల దెయ్యం అచ్చం నీలాగే వాలుగ దవడ ఒట్టుకున్నాదే. తిట్టడం కూడా నీలాగే."

అత్త ముద్ద ఆపింది. ఏదీ, సూపించమంది. ఆయనకు బస్సు వేళ. నీ కోడలు చదువుతుందిలే అని నా మీద పడేసి వెళ్లిపోయాడు.

అత్తకు చదువు రాదు. నాకు నోరు రాదు. ఇద్దరం అరుగు మీద, మధ్యలో ఫోన్. మొదటి భాగం నుంచి చదివించుకుంది. ఏడు భాగాలూ అయ్యేసరికి మధ్యాహ్నం అయింది. దెయ్యం ఆ దువ్వే మాట అనే చోట మార్చి చదివాను. అత్త మాట అత్తకే దెయ్యం మాటగా ఎలా వినిపించను?

బొమ్మ చూసి అత్త మూతి విరిచింది. "దవడ అలగేటి ఒట్టుకుంటారు? ఏళ్లు తెగిపోవూ? ఈడికెవుత్తి నేర్పినాదే ఈ పని?"

తర్వాతి బొమ్మకు జరిపాను.

"ఆ పోలీసోడు సచ్చాడా? బాగైంది. మల్లీ ఎప్పుడొస్తాది?"

గురువారం అన్నాను. మూడేళ్లలో ఇంతసేపు నా పక్కన కూర్చోలేదు.

జూలై 12

చీకటిరాజు మళ్లీ రాశాడు. ఆ ముసలిది దెయ్యం ఎందుకైంది, మీరైతే ఏం చెబుతారు అని. మొగుడు బావిలో తోసేశాడని వేద్దామనుకుంటున్నాడట.

బావి. ఎక్కడ చూసినా బావే. ఆడదాన్ని బావిలో తొయ్యకపోతే వీళ్లకు దెయ్యం పుట్టదు. బతికి ఉండగా ఏం జరుగుతుందో ఒక్కడికీ తెలియదు. నీకేం తెలుసురా అనిపించింది. రాశాను. చాలా రాశాను.

జూలై 15, మంగళవారం

ఏం రాశానో నీకు చెప్పలేదు. చెప్పకపోతే లోపల తిరుగుతోంది.

పోయిన వేసవిలో కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం అత్త నాకు చెప్పింది. మా ఆయన కంటే ముందు ఒక ఆడపిల్ల. తొమ్మిది రోజులు ఉంది. పదో రోజు నూలు అప్పజెప్పాలి. అత్త రాట్నం ముందు కూర్చుంది. రవిక తడిసి, పాలు చిలప మీద పడ్డాయి. కొనేవాడు మరక అని ఆ ఒక్క చిలపా విసిరేశాడు. అది ఇప్పటికీ ఆవిడ పెట్టె అడుగున ఉంది. తీసి చూపించింది. మళ్లీ మడిచి పెట్టేసింది.

"నీ మొగుడికి తెల్దు. సెప్పకు."

మా ఆయనకు చెప్పలేదు. చీకటిరాజుకు చెప్పాను.

జూలై 17, గురువారం

ఎనిమిదో భాగంలో ఏమీ లేదు. నలుగురు కుర్రాళ్లు పాడుబడ్డ మగ్గాల షెడ్‌లోకి వెళ్లారు. ఎందుకు వెళ్లారు? వెళ్లకపోతే కథ లేదు కనుక. అత్త కూడా అదే అంది: "ఈలకి ఇల్లుల్లేవేటి?"

చివర్లో వచ్చే వారం బొమ్మ. 'దెయ్యం పుట్టుక'. ఉయ్యాల, పక్కన చిలప. చిలప మీంచి ఎర్రగా కారుతోంది. పాలు రక్తం చేశాడు.

అత్త ఫోన్ దగ్గరికి లాక్కుంది. ఉయ్యాల మీద వేలు పెట్టింది.

"ఉయ్యాలెందుకేశాడే?"

తెలీదత్తా అన్నాను.

జూలై 18

తీసెయ్యమని రాశాను. సాయంత్రానికి జవాబు. 'బొమ్మలు అయిపోయాయండీ ఏకు గారూ. ఎవరి పేరూ లేదు కదా, ఎవరికి తెలుస్తుంది? నేను ఇంతవరకూ చేసినవాటిలో ఇదే గొప్పది. చివర్లో మీకు ధన్యవాదాలు కూడా వేశాను.'

గొప్పదట. ఒక్క రాత్రి పిల్లను ఎత్తుకుని తిరిగినవాడు కాడు. వాడిని ఎంతని తిట్టను? వాడికి దారి తెలియదు, నేను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అత్త పెట్టె మూత ఎత్తాను. ఒక్క గారు అంటే చాలింది నాకు. నాకంటే ఆ కింద వణికిపోయే జనం నయం.

జూలై 20, ఆదివారం

మాటలు మార్చి చదవగలను. బొమ్మలు ఎలా మార్చను?

ఆ కథ నా ఫోన్‌లోంచి తీసేసినా లాభం లేదు. మా ఆయన కొట్టులో చూస్తాడు, అన్నం దగ్గర నవ్వుతూ చెబుతాడు. తనకో అక్క ఉండేదని ఆయనకు తెలియదు. దెయ్యం కథ అనుకునే చెబుతాడు. అత్త ముఖం ఎదురుగా.

జూలై 22, మంగళవారం

అత్త పత్తి దువ్వుతోంది. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"అత్తా."

"ఏటి?"

ఏమీ లేదన్నాను.

దవడ ఆపి నా వైపు చూసింది. ఒంట్లో బాగుందా, నెల తప్పిందా అని అడిగింది. అంత మెత్తగా ఎప్పుడూ అడగలేదు. కాదన్నాను. లేచి వచ్చేశాను.

జూలై 23

రేపు చదవకుండా తలనొప్పి అని చెప్పాలా. వచ్చే గురువారం ఏ నొప్పి చెప్పను.

జూలై 24, గురువారం

నాలుగు గంటలకు వచ్చింది. వంటింట్లో నిలబడి ముందు నేనే చూశాను.

తొమ్మిది రోజులూ లెక్కపెట్టి వేశాడు. పదో రోజు రవిక తడవడం, కొనేవాడు విసిరెయ్యడం, పెట్టె, మడత. నేను రాసింది రాసినట్టు. ఆ తర్వాత వాడి సొంతం మొదలైంది — పిల్ల ఉయ్యాలలో లేచి కూర్చుంటుంది. కోరలు. తొమ్మిది రోజుల పిల్లకు కోరలు పెట్టాడు. ఆ కోరలతో తల్లి పీక పట్టుకుంది. కింద అప్పుడే జనం మొదలుపెట్టారు, అన్నా అదరగొట్టావ్, ఈ పిల్ల దెయ్యం మీదే ఇంకో కథ వెయ్యి అని. అందరికంటే కింద, 'ఏకు గారికి ధన్యవాదాలు'.

అత్త పని ముందే ముగించింది. మొహం కడుక్కుని అరుగు మీద చాప వేసుకుంది. ఎదురింటామె పలకరిస్తే, "ఇయ్యాల మా కోడలు కత సదువుతాది" అంటోంది. గొంతులో గొప్ప.

ఏడు దాటితే మా ఆయన వస్తాడు. కొట్టులో ఈపాటికి చదివే ఉంటాడు.

ఇది ఎవరి చేతిలో పడినా, సగం చదివినా, పూర్తిగా చదివినా, పెరట్లో నీళ్ల పొయ్యి ఉంది, అందులో పెట్టేయండి. ఒకచోట రాసినందుకే ఇంత అయింది.

పిలుస్తోంది. "ఒసే గౌరీ, వచ్చినాదేటి?"

వచ్చిందత్తా అన్నాను. వస్తున్నాను అన్నాను. ఫోన్ పట్టుకుని వెళ్లాలో, ఇక్కడే పెట్టి ఉత్త చేతులతో వెళ్లి నేనే చెప్పెయ్యాలో...