హైవే మీద మంచు లేదు

వనస్థలిపురం,
20 డిసెంబరు 2009.

ఏమయ్యా సైదులూ,

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడగను. అడిగితే నాలుగు పేజీలు రాస్తావు. ఈసారి నా గోల విను. ఫోనులో చెబుదామంటే ఫోను హాల్లో ఉంది, హాల్లో మా లలితకుమారి ఉంది. ఇరవై రోజులుగా ఆవిడ గడప దాటలేదు.

పోయిన నెలాఖరున దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళింది, చీరకు ఫాల్ కుట్టించుకోవడానికి. తిరిగొస్తుంటే చైతన్యపురి దగ్గర ప్రత్యేక రాష్ట్రం గొడవల్లో బస్సు ఆపేశారు. ఎవరో రాయి విసిరితే ఈవిడ పక్క అద్దం పగిలింది. దెబ్బేం తగల్లేదు. అంతలో పక్కనున్నావిడ మామూలుగానే అడిగిందట, "మీదే ఊరమ్మా?" అని. ఏం చెప్పాలో తోచక లలిత బస్సు దిగేసి, అక్కణ్ణించి ఇంటిదాకా నడిచే వచ్చింది. "ముప్పై రెండేళ్ళు ఇక్కడ బతికి, నాదే ఊరో చెప్పలేకపోయానండీ" అని ఒకటే ఏడుపు. మర్నాడే తెనాలిలో తమ్ముడికి ఫోను చేసింది. ఆ మహానుభావుడు అక్కడ ఓ వాటా చూశాడు, లారీ మాట్లాడాడు. ఇల్లు అద్దెకిచ్చేసి పోదామట.

నాకు పోవాలని లేదయ్యా. ఈ ముక్క నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. ఆవిడ భయాన్ని కోప్పడలేను, అది నాకూ ఉంది. వీధిలో సగం ఇళ్ళు టపాసులు కాలుస్తాయి, సగం ఇళ్ళు తలుపులేసుకుంటాయి. మన ఇల్లు ఏ సగంలో ఉండాలో తెలియక నేను మధ్యలో నిలబడ్డాను. పోదామనలేను, వద్దనలేను. అటకెక్కినవాడి కింద నిచ్చెన తీసేసినట్టుంది నా పని.

నా బోర్డు నీకు గుర్తుందిగా. నల్లరంగు వేసిపెట్టింది నువ్వే. పాల బూత్ అండాలమ్మ మొగుడు అంతయ్య, చౌటుప్పల్ అవతల మంచులో ఆగి ఉన్న లారీని గుద్ది చనిపోయిన ఏడాది, ఆ బూత్ గోడకే తగిలించాం. అప్పట్నించి చలికాలం వస్తే చాలు, సాయంత్రం ఆరింటికి మేడ మీద రెండు ధర్మామీటర్లు చూసి, మన వాతావరణ ఆఫీసుకో ఫోను కొట్టి, తెల్లవారుజామున విజయవాడ హైవే ఎలా ఉంటుందో రాస్తూనే ఉన్నాను. క్రిస్మస్ సెలవులకీ కొత్త సంవత్సరానికీ ఊళ్ళకెళ్ళే కాలనీవాళ్ళు ఆ బోర్డు చూడకుండా టికెట్టు కొనరు.

పదిహేడో తారీకున నేను ఆ బోర్డు మీద అబద్ధం రాశాను, సైదులూ.

మర్నాడు లారీ రావాలి. తెల్లారితే ఎక్కడ రాస్తారోకో మొదలవుతుందో తెలియదు కాబట్టి చీకటితోనే ఊరు దాటాలంటాడు డ్రైవరు. చీకట్లో మంచుంటే రాడు. మేడ మీద పొడి ధర్మామీటరుకీ తడిగుడ్డ ధర్మామీటరుకీ ఆరు డిగ్రీల తేడా ఉంది. ఆరు! అంత తేడా ఉంటే గాలి పొడిగా ఉన్నట్టే, మంచు ఆనవాలు కూడా లేదు. సుద్దముక్క పట్టుకుని "దట్టమైన మంచు, ప్రయాణం మానుకోండి" అని రాసేశాను. లలిత తమ్ముడికి ఫోను చేసి, "మీ బావగారు రాశారంటే మంచున్నట్టే" అంది. లారీ ఆగింది. నిన్న కూడా అలాగే ఆపాను. నన్ను తిట్టి ఉత్తరం రాయి.

నీ
రామమోహనరావు


వనస్థలిపురం,
30 డిసెంబరు 2009.

సైదులూ,

తిట్టలేదు నువ్వు. ఆ ఉత్తరం అందిందో లేదో కూడా తెలియదు. ఇప్పుడు రాసేది చదివాకైనా తిట్టు.

అండాలమ్మ తల్లి చిట్యాలలో మంచాన పడిందని కబురొచ్చింది. ఆదివారం, అంటే ఇరవై ఏడున, మొదటి బస్సుకే పోదామని అండాలమ్మ సంచి సర్దుకుంది. శనివారం సాయంత్రం నేను బోర్డు దగ్గరికెళ్ళాను. ఆదివారం లారీ రావాలి. బూత్‌లో ఆవిడ లేదు, ఉంటే రాసేవాణ్ణి కాదేమో. కాదులే, ఉన్నా రాసేవాణ్ణి. అలవాటైపోయింది.

"ప్రయాణం మానుకోండి" అన్న ఆ రాత చూసి ఆవిడ ప్రయాణం సోమవారానికి మార్చుకుంది. మంచంటే ఆవిడకి ఎంత భయమో నాకు తెలియదా? మొగుణ్ణి ఆ రోడ్డు మీద ఆ మంచులోనే పోగొట్టుకున్న మనిషి. ఆదివారం పొద్దున ఎల్బీనగర్ చౌరస్తా దాకా నడిచి చూశాను. అద్దంలా ఉంది ఆకాశం. బస్సులు ఝామ్మని పోతున్నాయి. వెనక్కొచ్చి ఆవిడకి చెప్పొచ్చు. చెప్పలేదు. చెబితే లలితకి తెలుస్తుంది. మధ్యాహ్నం మూడింటికి ఆ ముసలమ్మ పోయింది.

ఇవాళ అండాలమ్మ తిరిగొచ్చి బూత్ తెరిచింది. పాలకెళ్ళాను, ముఖం చాటేస్తే బాగుండదని. నన్ను చూసి తనే ఓదార్పుగా అంది: "దహనం చెయ్యనీకి అందిన గనీ, మాట్లాడనీకి అందకపోతి సారూ. అండాలు రాలేదా, అండాలు రాలేదా అని పొద్దంత అడిగిందంట. ఏం జేస్తం? మంచు మీ చేతుల ఉంటదా?"

పాల ప్యాకెట్టు పట్టుకుని ఇంటికొచ్చి బాత్రూములో కూర్చున్నాను. ఇంట్లో నేను ఒంటరిగా ఉండగలిగే చోటు అదొక్కటే. ఇల్లు వదలకూడదని అబద్ధమాడితే, ఇప్పుడా ఇంట్లోంచి బయటికి రావాలంటేనే సిగ్గుగా ఉంది. గేటు తీస్తే ఎదురుగా ఆ బోర్డే. ఏం చెయ్యమంటావు?

రామమోహనరావు


నకిరేకల్,
2 జనవరి 2010.

రావు సారుకు సైదులు నమస్కారాలు.

మీ రెండు ఉత్తరాలూ నిన్న ఒక్కసారే అందినయి. బంద్‌లతో టపా అట్లుంది.

సారూ, ఎనభై ఎనిమిదిల ముసురు పట్టినప్పుడు నేను వానకొలత చూడకుండనే రిజిస్టరుల అంకె వేసిన, యాదికుందా? మూలకున్న నా గొడుగు తడవలేదని మీరు పట్టేసిండ్రు. పైవాళ్ళకు చెప్పలేదు. తిట్టలేదు. ఆ అంకె కొట్టేసి, పక్కన "చూడలేదు" అని రాసి సంతకం పెట్టమన్నరు. సిగ్గుతో సచ్చిన. గని ఆ దినం నుంచి రిటైరైన దాక మళ్ళ గట్ల చెయ్యలేదు.

మీరేమో నాకు రాస్తున్నరు. నాకు రాస్తే ఏమొస్తది? నేను అండాలమ్మనా? తప్పు ఏ రిజిస్టరుల పడ్డదో అందులనే కొట్టెయ్యాలె కదా సారూ. మీరే నేర్పిండ్రు.

లారీ వస్తే రానియ్యుండ్రి. ఉండాలనుంటే ఉంటనని లలితమ్మకు నోరు తెరిచి చెప్పుండ్రి. మంచును అడ్డం పెట్టుకునుడు ఎందుకు?

నా మోకాళ్ళు మంచిగ లేవు. అడగలేదు గని చెప్తున్న.

మీ
సైదులు


వనస్థలిపురం,
5 జనవరి 2010.

సైదులూ, నా చేత సంతకం పెట్టించినవాడా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. సాయంత్రం బోర్డు మీద రాశాను: "రేపు హైవే మీద మంచు లేదు. రోడ్డు బాగుంది." లలిత కిటికీలోంచి చూసి వెంటనే తెనాలికి ఫోను చేసింది. నాకు పోవాలని లేదని అప్పుడే చెప్పాను. "ముందెందుకు చెప్పలేదండీ?" అంది. సామాన్లు కట్టడం మాత్రం ఆపలేదు.

పొద్దున నాలుగున్నరకు లారీ వచ్చింది. మంచాలెక్కాయి, బీరువా ఎక్కింది. నేను బూత్‌కెళ్ళాను. అండాలమ్మ ట్రేలు దించుకుంటోంది. ఉపోద్ఘాతాలు లేకుండా చెప్పేశాను. ఇరవై ఏడున మంచు లేదమ్మా, నాకు తెలుసు, కావాలనే రాశాను, ఈ లారీ రాకుండా రాశాను అని.

ఆవిడ ట్రే కింద పెట్టింది. ఎవరో వచ్చి అర లీటరు అడిగితే ఇచ్చింది. తర్వాత బూత్ వదిలేసి చకచకా మా గేటుకేసి నడిచింది. నేను వెనకాల. "అమ్మా, మీ సారు ఏం జేసిండో నీకు ఎరుకేనా?" అని లలితని అడిగి, మొత్తం చెప్పింది వీధంతా వినేలా. వీధి దీపాల కింద తలుపులు తెరుచుకున్నాయి. లలిత నా వంక ఒక్కసారి చూసి, చేతులు జోడించి, "తప్పయిపోయిందమ్మా. క్షమించు. మేం వెళ్ళిపోతున్నాం" అంది.

అప్పుడు చూడాలి అండాలమ్మని. నాకు ఆవిడ పదమూడేళ్ళుగా తెలుసు, అంత గొంతు ఉందని తెలియదు.

"పోతరా? ఎట్ల పోతరు? మా అమ్మను మాట్లాడనియ్యకుండ జేసి, ఇయ్యాల బండెక్కి మీ దారిన మీరు పోతరా? మరి నేనెవర్ని తిట్టాలె? ఎవరి మీద కోపం జేసుకోవాలె? గా గోడకు చెప్పుకోవాల్నా? ఈడనే ఉండుండ్రి! సారు రోజు నా ముంగట నిలబడి నిజం రాయాలె, నేను చూడాలె. దింపుండ్రి సామాను!"

డ్రైవరు నోరెళ్ళబెట్టాడు. ఆవిడే లారీ వెనక పట్టీ మీద కాలు పెట్టి ఓ పరుపుచుట్ట కిందికి లాగింది. సగంలో అది జారింది. లలిత అలా చూస్తూ నిలబడింది. తర్వాత గేటు దాటింది సైదులూ. ముప్పై అయిదు రోజుల తర్వాత వీధిలో కాలు పెట్టింది. రెండో కొస పట్టుకుని, "మెల్లిగా అండాలమ్మా, నీ నడుం పట్టేస్తుంది" అంది. ఇద్దరూ కలిసి దాన్ని అరుగు మీదికి చేర్చారు. పరుపు మీద చెయ్యి పెట్టుకుని అండాలమ్మ ఏడ్చింది. లలిత పక్కన కూర్చుంది. నేను దగ్గరికెళితే ఇద్దరూ పొమ్మన్నారు. మిగతా సామానూ దించేశాక లారీ ఖాళీగా వెళ్ళింది.

సాయంత్రం ఆరింటికి నేను మేడెక్కేసరికి అండాలమ్మ అక్కడ ఉంది. తడిగుడ్డ ముట్టుకుని చూసింది. రెండు ధర్మామీటర్లూ నా చేత పైకి చదివించింది. తేడా అర డిగ్రీ, గాలి లేదు, ఆకాశం శుభ్రంగా ఉంది, తెల్లారేసరికి మంచు పట్టే లక్షణాలన్నీ ఉన్నాయి. కిందికొచ్చి ఆవిడ చూస్తుండగా రాశాను: "రేపు ఎనిమిదింటి దాకా దట్టమైన మంచు."

రేపు ఆవిడ తల్లి పదకొండో రోజు. చిట్యాల పోవాలి. ఆ అక్షరాల వంక ఆవిడ చాలాసేపు చూసింది. నమ్మకపోతే తెల్లవారుజామునే బయల్దేరుతుంది, నిజంగానే మంచుందయ్యా ఈసారి. చివరికి, నాతో కాదు, గేటు దగ్గరున్న లలితతో అంది: "తొమ్మిది గంటల బస్సుకు పోతనని మీ సారుకు చెప్పమ్మా."

"నేనూ నీతో వస్తాను" అంది లలిత. చిన్న గొంతుతో, "బస్సులో ఎవరైనా ఏ ఊరని అడిగితే?" అంది.

"ఏముంది? వనస్థలిపురమని చెప్పు. నా ఎంబడి ఉన్నవు కదా."

అండాలమ్మ నాతో మాట్లాడటం లేదు. ఎప్పుడు మాట్లాడుతుందో నేను అడగను. లలిత రేపటికి చీర ఇస్త్రీ చేసుకుంటోంది. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఎన్ని పేజీలైనా రాయి.

చూసిందే రాసే
రామమోహనరావు