పగులు మీద పూలదండ

అత్తమ్మా,

ఇవాళ ఇంట్లో మామ, తిరుపతి బావ, నేను ఉన్నాం. తర్వాత షికారు పడవకు ఫొటోలు తీయడానికి ఇన్సూరెన్స్ ఆయన వచ్చాడు.

ఆదివారం ఆ పడవను చెరువులో దింపనీయకు. పిల్లలను అసలే ఎక్కించనీయకు. వాకిట్లో నెత్తురు చూసి భయపడకు, వచ్చాక నేనే కడుగుతాను. బావను ఆటోలో ఉప్పల్ దవాఖానాకు తీసుకుపోతున్నాను. చీటీ చూడగానే అక్కడికే రా.

"పడవకు ముక్కు మీదనే కొట్టాలె" అంటూ బావ దిష్టి గుమ్మడికాయను నేలకు కాకుండా పడవకే కొట్టాడు. ఫైబర్ పగిలింది. "ఫొటోలు దిగే రోజే పలగ్గొట్టినవారా!" అని మామ తెడ్డు ఎత్తి కన్నకొడుకు నెత్తి మీద కొట్టాడు. బావ కింద పడ్డా ఆగలేదు. తెడ్డు విరిగాకే ఆగాడు.

అంతలో గేటు చప్పుడైంది. మామ బావను పడవ వెనక్కి ఈడ్చేసి, పగులు మీద బంతిపూల దండ వేశాడు. "కొత్తదే సార్, జర జల్ది తీయిండ్రి" అన్నాడు.

ఎవరొచ్చినా వంటింట్లో దాక్కునేదాన్ని కదా. ఇవాళ ఇన్సూరెన్స్ ఆయన ముందే దండ లాగేశాను. మామ నా జుట్టు పట్టి గోడకు కొట్టి, బండెక్కి పోయాడు.

బావ కళ్ళు తెరిచే ఉన్నాడు. "అమ్మకు చెప్పకే" అంటున్నాడు.

ఇంకొకటి. నేను ఇన్సూరెన్స్ ఆయన వెంట పరుగెత్తాను. "సార్, మా బావ పడవెనక పడున్నడు, జర మీ కార్ల తీస్కపోండ్రి" అని అడిగాను. ఆయన ఒకసారి వెనక్కి చూసి, కారెక్కి, నా ముఖం మీదే తలుపు వేసుకున్నాడు.