‘వాళ్ళు’ అన్నచోటల్లా

పిచ్చుకా,

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని విసుక్కుంటావు. ఫోనులో నా గొంతు విన్నావంటే నేను చెప్పకముందే సగం సంగతి నీకు తెలిసిపోతుంది. అందుకని రాస్తున్నాను. మామూలు జలుబే అనుకుని చాలాకాలం వేడినీళ్ళు పుక్కిలిస్తూ గడిపాను. తీరా చూస్తే జలుబు కాదు. స్వరపేటికలో గడ్డ. మంచి గడ్డ కాదు. డాక్టరు ఆ మాట మెత్తగా చెప్పడానికి నానా అవస్థా పడుతుంటే చూడలేక నేనే అందించాను, "అంటే గొంతు తీసేస్తారా?" అని. ఆయన తలూపాడు. "తీసేస్తే బతుకుతారండీ. ఆలస్యం చేస్తే మాత్రం నేనేమీ హామీ ఇవ్వలేను" అన్నాడు.

ఆలస్యం చెయ్యాలనే నిర్ణయించుకున్నాను. నిన్ను అడగకుండా చెబుతున్నానని కోప్పడకు, అడిగితే ఏమంటావో నాకు తెలుసు. లాండ్రీ సినిమా పూర్తి కావాలి. అమ్మ పని చేసిన ఆసుపత్రి లాండ్రీ మూతబడే ముందు, ఆఖరి ఏడాదంతా కెమెరా పట్టుకుని తిరిగానే, అదే. అమ్మ చూడకుండానే పోయింది. ఎడిటింగు అయిపోయింది, వ్యాఖ్యానం ఒక్కటే మిగిలింది. ఇన్నేళ్ళూ నా సినిమాలన్నిటికీ నా గొంతే. రాళ్ళు కొట్టే ఆడవాళ్ళ మీద తీసినా, దూరపు బస్సుల డ్రైవర్ల మీద తీసినా, జైల్లో క్షవరం చేసేవాళ్ళ మీద తీసినా, మాటలు ఆఖర్న రాసుకుని, వంటింట్లో నిలబడి గోడకి చదివి వినిపించి, నోరు తిరగనివి కొట్టేసి, నేనే చదివాను. పుస్తకాలూ అలాగే రాశాను. "ఈవిడ రాతలో కంటే గొంతులో నిజం ఎక్కువ" అని ఒక విమర్శకుడు రాస్తే అప్పట్లో ఒళ్ళు మండింది. ఇప్పుడు ఆ మాటే పదేపదే గుర్తొస్తోంది.

రికార్డింగుకి వెళ్ళి చూశాను. మన చెవులాయన, మొదటి సినిమా నుంచీ నాకు శబ్దం చూస్తున్న ఆయన, "ఇవాళ్టికి చాలమ్మా, రేపు బాగుంటుంది" అంటాడు. రేపూ బాగుండటం లేదు. వాక్యం మధ్యలో గొంతు జారిపోతోంది. రోజుకో పేరా చొప్పునైనా లాక్కొస్తాను. ఆ తర్వాత కోసుకోనీ.

ఇంకో సంగతి. నా మొదటి సినిమా, మనం పెరిగిన కార్మికుల క్వార్టర్ల మీద తీసింది, చూస్తూ చూస్తూ నువ్వు సగంలో లేచి వెళ్ళిపోయావు. ఆ తర్వాత నా సినిమా ఒక్కటీ చూడలేదు. నాకు ఒంట్లో బాగోకపోతే పరిగెత్తుకొస్తావు, సినిమా అంటే మాత్రం బళ్ళో పరీక్షలంటావు. ఒకటో తరగతి పిల్లలకి ఏడాది పొడుగునా పరీక్షలేమిటే? ముక్కూ మొహం తెలియనివాళ్ళని ఎన్నెన్నో అడిగాను గానీ నిన్ను ఇది అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. ఎందుకు వెళ్ళిపోయావు? గొంతుండగానే అడిగేస్తున్నాను.

నీ అక్క


అక్కా,

తిట్టడానికే కలం పట్టుకున్నాను. కాగితం మీద తిడితే చప్పగా ఉంటుందని ఇప్పుడే తెలిసింది. బతికుంటే బలుసాకు తినొచ్చని అమ్మ మనకి ఎంత నూరిపోసింది? సినిమా కోసం ప్రాణం తాకట్టు పెడతావా? ఎవరడిగారే నిన్ను? ఊరందరి కష్టాలూ గుచ్చి గుచ్చి అడుగుతావు, నీ ఒంటికి వచ్చినదాన్ని మాత్రం జలుబంటావు. ఉత్తరం చదువుతూ నేను ఏడ్చిన ఏడుపుకి పిల్లలు పలకలు పక్కన పెట్టి నా చుట్టూ చేరారు.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. బడికి సెలవు పెట్టి చెవులాయన దగ్గరికి వెళ్ళాను. నీ కాగితాలు ఇమ్మన్నాను. మనిద్దరిలో ఫోనెత్తింది ఎవరో నాన్నకే ఎప్పుడూ తెలిసేది కాదు కదా. మైకు ముందు కూర్చుని మొదటి పేజీ చదివాను. పిల్లలకి పాఠం చెప్పే అలవాటు కొద్దీ కాస్త సాగదీశానేమో, అద్దానికి అవతల ఆయన తల దించేసుకున్నాడు. తప్పు చదివానేమోనని భయపడ్డాను. బయటికొచ్చి, "కళ్ళు మూసుకుని విన్నానమ్మా. ఆవిడే అనుకున్నాను" అన్నాడు. కాబట్టి నీ సినిమా నేను చదువుతాను. నువ్వు వెళ్ళి ఆపరేషన్ చేయించుకో. ఈ ఒక్క విషయంలో నీ పెద్దరికం చెల్లదు.

కానీ ఒకటుంది. రెండో పేజీలో నా నోరు ఆగిపోయింది. "వాళ్ళు తెల్లవారకముందే వస్తారు. సబ్బునీళ్ళకి వాళ్ళ చేతులు పాలిపోతాయి. వాళ్ళు రోగుల్ని చూడరు, రోగుల దుప్పట్లను చూస్తారు." బాగానే రాశావు. కానీ ఎవరే ఆ వాళ్ళు? అందులో అమ్మ లేదా?

ఎందుకు లేచి వెళ్ళిపోయావని అడిగావు కదా, ఇందుకే. ఆ రోజు హాల్లో మన వీధి చూపించావు, మన మెట్లు, మన కుళాయి చూపించావు. చూపించి, "ఇక్కడ వాళ్ళు నీళ్ళ కోసం వరసలో నిలబడతారు" అన్నావు. ఆ వరసలో నిలబడింది నేను. నా వెనకాల బిందె పట్టుకుని నిలబడింది నువ్వు. ముందు వరసలో ఎవరో పెద్దావిడ 'అయ్యో పాపం' అంది. నేను నా చెప్పులు కనపడకుండా కుర్చీ కిందికి లాక్కున్నాను. మా అక్క నన్ను 'వాళ్ళు' అంది అనుకుంటూ ఇంటిదాకా ఏడుస్తూ నడిచాను. అమ్మకి చెప్పలేదు.

నేను చదువుతాను. 'వాళ్ళు' అన్నచోటల్లా 'మనం' అని చదువుతాను. ఇంకేదీ కదపను. ఆపరేషన్ ఎప్పుడో రాయి, వచ్చి నీ దగ్గరుంటాను.

కోపం ఇంకా తగ్గని
పిచ్చుక


పిచ్చుకా,

నీ చెప్పుల దగ్గర ఆగిపోయాను. నువ్వు చదువుతానన్నావు, అంతకంటే నాకేం కావాలి. కానీ 'మనం' అని చదవకు. అలా చదివేట్టయితే ఆపరేషన్ సంగతి మర్చిపో, నేనే చదువుకుంటాను. బెదిరిస్తున్నానని అనుకున్నా సరే.

చిన్నచూపుతో 'వాళ్ళు' అన్నానని అనుకున్నావు. కాదే. సెలవులొస్తే నువ్వు అమ్మ వెనకాలే లాండ్రీకి వెళ్ళేదానివి. దుప్పటికి రెండు కొసలు అమ్మ పట్టుకుంటే రెండు నువ్వు పట్టుకునేదానివి. నేను భోజనం డబ్బా తెచ్చి గేటు దగ్గర ఇచ్చేదాన్ని. ఒకసారి నేనూ లోపలికి వస్తానన్నాను. అమ్మ తడిచేతులు తుడుచుకుంటూ డబ్బా అందుకుని, "నీకిక్కడేం పని? ఇంటికెళ్ళి చదువుకో" అని గేటు వేసేసింది. కాస్సేపటికి లోపల్నించి నవ్వులు వినిపించాయి. ఆ నవ్వుల్లో నీ నవ్వూ ఉంది. నేను గేటు బయట నిలబడి ఉన్నాను. ఆ రోజు ఎంత కుమిలిపోయానో ఎవరికీ చెప్పుకోలేదు, నిన్ను చూస్తే ఒళ్ళు మండేది.

కెమెరా ఉంటే ఎవరూ గేటు వెయ్యరు. నేను ఈ పనిలోకి ఎందుకొచ్చానని సభల్లో అడిగితే ఏవేవో పెద్దపెద్ద జవాబులు చెప్పాను. అసలు జవాబు ఇదే. అప్పట్నించీ ఎవరెవరి గేట్లలోనో దూరుతూనే ఉన్నాను. మనం పెరిగిన వీధిని తీసినప్పుడు కూడా గేటు బయట నిలబడ్డట్టే ఉంది నాకు. నన్ను 'మనం'లోంచి తీసేసింది అమ్మ. నా చేతులు ఎన్నడూ పాలిపోలేదు. అమ్మ లేనప్పుడు చూసి ఆ మాట దొంగిలించలేను.

రాసింది రాసినట్టే చదువుతానని మాటివ్వు. మాటిస్తే బుద్ధిగా వెళ్ళి ఆ బల్ల మీద పడుకుంటాను.

అక్క


అక్కా,

నీ గది బయట బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను. నువ్వు నిద్రపోతున్నావు. గండం గడిచిందని డాక్టరు చెప్పాడు, గడ్డ మొత్తం తీసేశాడట. బడి తెరుస్తున్నారు, నేను వెళ్ళాలి. ఈ మాటలు ఎదురుగా చెబితే నువ్వు వినడమే గానీ తిరిగి అనలేవు. నోరు లేనిదానితో వాదించి గెలవడం నాకిష్టం లేదు. ఉత్తరమైతే నువ్వూ తీరిగ్గా జవాబు రాసుకోవచ్చు.

మాటిచ్చాను, నిలబెట్టుకున్నాను. నువ్వు రాసినట్టే అంతా చదివాను. ఆఖరి పేజీలో, అమ్మ ఒక్కతే ఆఖరి దుప్పటి మడిచే చోట, "ఆమె ముప్పై ఏళ్ళు ఇక్కడ పని చేసింది" అని రాశావు. ఆ 'ఆమె' దగ్గర ఆగి మళ్ళీ మళ్ళీ మొదటినుంచీ చదవాల్సొచ్చింది. చెవులాయన మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. చివరికి చదివాను.

ఇక గేటు సంగతి. నువ్వు బయట విన్న నవ్వులు దేనికో నాకు తెలుసు, లోపలున్నది నేను కదా. అమ్మ డబ్బా పట్టుకుని రాగానే అందరూ పని ఆపి చుట్టూ చేరేవారు. "ఏమంటోంది మన పిల్ల?" "మన పిల్ల ఇవాళేం చదివింది?" ఇస్త్రీ చేసే పెద్దమ్మకి చదువు రాదు, నువ్వు బళ్ళో రాసిన వ్యాసాలు నా చేత బట్టీ పట్టించి చెప్పించుకునేది. నేను నీలాగా చేతులు కట్టుకుని, నీలాగా కళ్ళు పైకెత్తి అప్పజెబుతుంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. నీకు బళ్ళో మెడల్ వచ్చిన రోజున "మన పిల్లకి మెడల్ వచ్చింది" అని ఆవిడ సూపర్‌వైజరు మీదికి వెళ్ళి మిషన్లు ఆపించింది. నీకిది ఎవరు చెబుతారు? అమ్మ పొగిడే రకం కాదు. నేను చెప్పాలి. చెప్పలేదు. అక్కడ నన్నెవరూ 'మన పిల్ల' అనేవారు కాదు, "ఇదిగో, ఆ కొస పట్టుకో" అనేవారు. కుళ్ళుకునేదాన్ని.

నిన్ను 'మనం'లోంచి ఎవరూ తియ్యలేదు. సినిమా నీది, ఎలా ఉంచుతావో నీ ఇష్టం.

నీ పిచ్చుక


పిచ్చుకా,

పడుకునే రాస్తున్నాను, అక్షరాలు కోడిగీతల్లా ఉన్నాయి, సర్దుకుని చదువుకో. మెడకి గొట్టం ఉంది. కావలసింది పలక మీద రాసి చూపిస్తుంటే నర్సు నా దస్తూరీ డాక్టర్ల కంటే ఘోరంగా ఉందంటోంది.

నిన్న చెవులాయన రికార్డింగు తెచ్చి గదిలోనే వినిపించాడు. పిచ్చుకా, అది నా గొంతే. పోయిన నా గొంతు గదిలో తిరుగుతూ వాళ్ళు, వాళ్ళు అంటోంది. నేను చదివిన రోజుల్లో ఆ మాట నా నోట్లోంచి బయటికి వెళ్ళేది గానీ నాకు తగిలేది కాదు. నిన్న తగిలింది. ఆ రోజు హాల్లో నీకెలా ఉండి ఉంటుందో తెలిసింది. "ఆమె ముప్పై ఏళ్ళు" అన్నదగ్గర నువ్వు మింగిన ఏడుపు కూడా వినపడింది, ఆయన ఎంత శుభ్రం చేసినా. నేను ఏడ్చాను. ఏడిస్తే చప్పుడు రాదని అప్పుడు తెలిసింది. ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

పలక మీద రాసి ఆయనకి చూపించాను, మళ్ళీ చదవాలి అని. వస్తావా? 'వాళ్ళు' అన్నచోటల్లా 'మనం' అని చదువు. దాంతోపాటు చివరలు మారతాయి, వస్తారు కాదు వస్తాం, చూడరు కాదు చూడం. పిల్లలకి చెప్పేదానివి, నీకు నేను చెప్పాలా. లాండ్రీని మూసేసిన పెద్దమనుషుల గురించి వచ్చేచోట మాత్రం వాళ్ళని వాళ్ళుగానే ఉంచు, వాళ్ళతో మనకి చుట్టరికం వద్దు.

ఆఖరి పేజీలో 'ఆమె' కొట్టేశాను. "మా అమ్మ ముప్పై ఏళ్ళు ఇక్కడ పని చేసింది" అని చదువు. ఒక్కగానొక్క బిడ్డయినా మా అమ్మ అనే అంటుంది, చూసేవాళ్ళు అలాగే అనుకుంటారు, అనుకోనీ. నాకు మాత్రం ఆ 'మా' నిజంగానే ఇద్దరం. నువ్వు చదువుతుంటే నీ పక్కన కూర్చుంటాను. చప్పుడు రాకపోయినా ఆ మాట నేనూ అంటాను.

మీ పిల్ల, నీ అక్క